పచ్చరాయి కింది అతుకు

రజబ్ నెల, శుక్రవారం, పగలు పదకొండుంబావు. సంవత్సరం నాకు తెలియదు. పెద్ద యుద్ధం నడుస్తూ కిరసనాయిలు కూడా దొరకని రోజులు అని మాత్రం గుర్తుంది. గంట ఇంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, తలుపు అవతల నిలబడిన మా పెద్దనాన్న చేతి గడియారం చూసుకుని, "పదకొండుంబావు అయింది. జుమ్మాకు పోవాలె. జల్దీ కానీయుండ్రి" అన్నాడు. తలుపు ఇవతల మా అమ్మ చేతి గాజులు పగలగొడుతున్నారు. మా అబ్బా చనిపోయి అది మూడో రోజు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట తలుచుకుంటే నాకు ఏడుపు రాదు. రోత పుడుతుంది.

మా ఇల్లు లాడ్ బజార్ వెనక గల్లీలో. కింద దుకాణం, దాని వెనక లక్క కరిగించే చిన్న గది, పైన మేము. మా అబ్బా, పెద్దనాన్న ఇద్దరిదీ కలిపి ఒకటే గాజుల వ్యాపారం. ముందు గద్దె మీద మగవాళ్ళు కూర్చునేవాళ్ళు. పక్కన పర్దా కట్టి ఉండేది. దాని వెనక చాప, ఒక చెంబులో నీళ్ళు, సబ్బు ముక్క. అది మా అమ్మ చోటు. పర్దాలో ఉండే ఆడవాళ్ళు టాంగా దిగి నేరుగా ఆ చాప మీదికి వచ్చేవాళ్ళు. అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్ వర్తకుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. మగవాళ్ళ చేత గాజులు ఎక్కించుకోవడం వాళ్ళకూ ఇష్టం ఉండేది కాదు.

అమ్మ నల్గొండ దిక్కు పల్లెలో పుట్టింది. వాళ్ళవాళ్ళు గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ, జాతర జాతరా తిరిగి అమ్ముకున్న ముసల్మానులు. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీలో, అంతే. ఉర్దూ ఆమె పెళ్ళయ్యాకే నేర్చుకుంది. కోపం వచ్చిందంటే మళ్ళీ తెలుగులోకి దిగిపోయేది. నేను ముసలితనంలో మనుమరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నప్పుడు తెలుగు అక్షరాలే దిద్దుకున్నది అందుకే. పెద్దనాన్న, పెద్దమ్మ, మా మేనత్త ఫుప్పు, వీళ్ళ మాటలు ఉర్దూలోనే నడిచేవి. వాటిని కూడా నాకు చేతనైన తెలుగులోనే పెడుతున్నాను.

అమ్మ చేతి పనితనం గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఎంత బిగుతు గాజైనా ఆమె ఎక్కించేది. ఎదుటి మనిషి చేతిని సబ్బు నీళ్ళతో తడిపి, బొటనవేలి కింది కండను లోపలికి మడిచి, ఏదో ఒక మాట అడిగేది. "మీ ఊర్ల వానలెట్లున్నయమ్మా?" అని. వాళ్ళు జవాబు చెప్పేలోపు గాజు మణికట్టు మీద ఉండేది. ఒక్క గీత పడేది కాదు. తొడగడమే కాదు, చేయడం కూడా ఆమెకు వచ్చు. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క మెత్తబరిచి, ఇత్తడి తీగ చుట్టూ పామి, అది వేడి మీద ఉండగానే సూది మొనతో రాళ్ళు పొదిగేది. తీగ రెండు కొసలు కలిసే చోట అతుకు ఉంటుంది. ఆ అతుకు కనబడకుండా దాని మీద ఒక పచ్చరాయి పెట్టేది. అన్ని గాజులకూ కాదు, తనకు చేసుకున్న జతకు మాత్రమే. ఆ సంగతి ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు మా పెద్దనాన్న సంగతి. ఆ రోజుల్లో ఊళ్ళో కొత్త గాలి వీస్తోంది. ఎవరు అసలు ముసల్మాను, ఎవరు సగం ముసల్మాను అని హోటళ్ళలో కూర్చుని కొలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. పెద్దనాన్న షేర్వానీ గుండీలు గొంతుదాకా పెట్టుకుని, రూమీ టోపీ పెట్టుకుని, చేతికి విలాయతీ గడియారం కట్టుకుని ఆ కొలిచేవాళ్ళలో కలిశాడు. తాతల నాటి నుంచి మా ఇంట్లో జరుగుతున్నవన్నీ ఆయనకు ఒక్కసారిగా తప్పులై కనబడ్డాయి. పీర్ల ముందు షర్బత్ పోయడం తప్పు. పిల్లలకు దిష్టి తీయడం తప్పు. అమ్మ తెలుగు మాట్లాడటం మరీ తప్పు. "దుల్హన్, ఇంట్ల ఆ దేహాతీ బోలీ ఆపు" అనేవాడు, అది పల్లెటూరి భాష అని. తమ్ముడి భార్యను మా దిక్కు దుల్హన్ అనే పిలుస్తారు. పెళ్ళికూతురు అని దానికి అర్థం.

అబ్బా పోవడానికి ఏడాది ముందు పెద్దనాన్న కూతురి పెళ్ళి అయింది. నిఖా అయ్యాక పెళ్ళికూతురి మెడలో నల్లపూసల లచ్చా కట్టడం మా అందరిలో ఉన్నదే. అమ్మ సొంతంగా పూసలు గుచ్చి పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. పెద్దనాన్న గుమ్మంలోనే ఆపేశాడు.

"ఏంది దుల్హన్ ఇది?"

"నల్లపూసలు, భాయ్ సాబ్. నిఖా అయింది గద, కట్టాలె."

"ఇది హిందువుల రివాజు. మన దీన్‌ల ఎక్కడుంది చూపెట్టు."

"మన ఖాందాన్‌ల ఉంది గద. అక్క మెడల లేవా?"

పెద్దమ్మ గబుక్కున కొంగు మెడ మీదికి లాక్కుంది. పెద్దనాన్న గొంతు పెంచాడు. వంశం పెద్దదా, మతం పెద్దదా అన్న ఆ ప్రశ్న పెళ్ళికి వచ్చిన వాళ్ళందరికీ వినబడాలి కదా. "ఖాందాన్ పెద్దదా, దీన్ పెద్దదా? చెప్పు!"

అమ్మ పళ్ళెం పట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రానికి పెద్దమ్మ మెడలోవి కూడా మాయమయ్యాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పెద్దనాన్న మీద గౌరవమే కలిగింది. మనిషి తను నమ్మిన దాని మీద గట్టిగా నిలబడ్డాడు అనుకున్నాను. పదహారేళ్ళ పిల్లకు అంతకంటే ఏం తెలుస్తుంది?

ఏడాది తిరక్కుండానే అబ్బాకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు మంచం మీద ఉండి బుధవారం పోయాడు. శుక్రవారం పొద్దున మూడో రోజు జియారత్ అయిపోయింది, సమాధి మీద పూలు, పాతిహా చదవడం అన్నీ అయ్యాయి. అప్పుడు పెద్దమ్మ, ఫుప్పు, మా అబ్బా తల్లి దాదీ, ముగ్గురూ కలిసి అమ్మను లోపలి గదిలో గోడ వారగా కూర్చోబెట్టారు. ఫుప్పు అంటే మా అబ్బా చెల్లెలు, నోరున్న మనిషి. దాదీ చేతిలో రాయి ఉంది. వంటింట్లో మసాలా నూరే రాయి. ముప్పై ఏళ్ళ కింద దాదీ గాజులు పగిలింది కూడా ఆ రాతి కిందనే అని తర్వాత తెలిసింది. అమ్మవి పగలగొట్టిన మర్నాడు దానితోనే అల్లం నూరారు. ఆ కూర అందరం తిన్నాం.

మట్టిగాజులు సులభంగానే పగిలాయి. ఫుప్పు రాయి అందుకుని రెండు దెబ్బలు వేసింది, అయిపోయింది. ఒక ముక్క నా పాదం దగ్గరికి వచ్చి పడింది. మిగిలింది లక్క జత. లక్క గాజు రాతి దెబ్బకు చిట్లుతుంది కానీ విడిపోదు, లోపల ఇత్తడి తీగ ఉంది కదా. ఫుప్పు కొట్టిన కొద్దీ లక్క పెచ్చులు లేచి, రాళ్ళు ఊడి, తీగ వంకర తిరిగి అమ్మ చేతిలో గుచ్చుకుంది. నెత్తురు వచ్చింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏం గాజులమ్మా ఇవి, దీని లెక్కనే మొండివి" అంది ఫుప్పు. పెద్దమ్మ నవ్వు ఆపుకుంది. అవును, ఆమెకు నవ్వు వచ్చింది. చావు ఇంట్లో, మూడో రోజు.

అప్పుడే అవతల నుంచి పెద్దనాన్న గడియారం మాట వినబడింది. జుమ్మా నమాజుకు ఆలస్యం అవుతుందట. ఒక మనిషి అల్లా ముందు వంగడానికి తొందరపడుతూ, ఆ తొందరలో ఇంకొక మనిషి చేతులు విరగ్గొట్టమంటున్నాడు. ఆ పూట ఆయన ఏం దువా చేశాడో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.

ఫుప్పు నా వైపు తిరిగింది. "నీకు పని వస్తది గద? కుంపటి తే."

తెచ్చాను. వద్దు అనలేదు. ఈ ఒక్క మాట రాయడానికే నేను అక్షరాలు నేర్చుకున్నానేమో అనిపిస్తుంది: నేను వద్దు అనలేదు. బొగ్గులు ఊది, పట్టకారు లాంటి చిమటా కొన వేడి చేసి, అమ్మ చెయ్యి నా ఒడిలో పెట్టుకున్నాను. లక్క వేడెక్కితే ఒక తీపి వాసన వస్తుంది. నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన వాసన. ఆ గదిలో దానికి ఊదు పొగ, నెత్తురు వాసన కలిశాయి. చిమటా తప్పు చోట పెట్టబోయాను.

అమ్మ అప్పుడు మొదటిసారి మాట్లాడింది, తెలుగులో, ఎప్పుడూ పని చెప్పినట్టే మెల్లగా. "అక్కడ కాదు బిడ్డా. అతుకు పచ్చరాయి కింద ఉంది."

తన గాజు ఎక్కడ విప్పాలో తనే చూపించింది. పచ్చరాయి మెత్తబడిన లక్కతో పాటు పక్కకు జరిగింది. తీగ కొసలు విడిపోయాయి. ఒకటి, తర్వాత రెండోది. వేడికి ఆమె చర్మం మీద చింతగింజంత మచ్చ పడింది. పోయేదాకా అది ఉంది.

"షాబాష్" అంది ఫుప్పు నన్ను చూసి.

ఊడిన రాళ్ళు, వంకర తీగలు ఏరి ఒక రేకు డబ్బాలో వేసి దాచాను.

అమ్మ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చుంది. దానిలో ఆమెకు ఏ పేచీ లేదు. మొగుడు పోయిన ఆడది ఆ గడువు పాటించాలి, సింగారం వదిలెయ్యాలి, సరే. గడువు అయిపోయిన పొద్దున స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కిందికి దిగి, పర్దా వెనక చాప దులిపి వేసింది. ఆమెకు కావాల్సింది గాజులు కాదు, ఇంకో మొగుడు అసలే కాదు. ఆ చాప కావాలి. ఆ చాప మీద కూర్చుంటేనే ఆమె ఆ ఇంట్లో ఒక మనిషి. లేకపోతే వంటింట్లో ఇంకొక నోరు.

పెద్దనాన్న పర్దా అవతల నుంచే అన్నాడు. "దుల్హన్, పైకి పో. ఆ చోట ఇగ నీది కాదు."

అమ్మ నన్ను మసీదు మౌల్వీ సాబ్ దగ్గరికి పంపింది. ముసలాయన వచ్చాడు. గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. అమ్మ పర్దా వెనక, ఆమె పక్కన నేను.

"నాలుగు నెలల పది రోజులు" అన్నాడు ఆయన. "అటెన్క ఏ అడ్డూ లేదు. రంగు చీర కట్టుకోవచ్చు, గాజులు ఏసుకోవచ్చు, నిఖా కూడా చేసుకోవచ్చు. పని చేసుకోవద్దని ఎవరన్నరు?"

పెద్దనాన్న ఎంతో వినయంగా దగ్గాడు. "షరియత్ మాట సరే మౌల్వీ సాబ్. కానీ మాకొక ఖాందాన్ ఉంది. బజార్‌ల ఇజ్జత్ ఉంది. పెండ్లి పిల్లల చేతులు పట్టుకునేది బోడి చెయ్యయితే మా దుకాణానికి ఎవరొస్తరు?"

"భాయ్ సాబ్" అంది అమ్మ పర్దా వెనక నుంచి. "నిరుడు పెండ్లిల ఖాందాన్ పెద్దదా, దీన్ పెద్దదా అని మీరే అడిగిన్రు. నేను అప్పుడు జవాబు చెప్పలే. ఇప్పుడు చెప్పాల్నా?"

మౌల్వీ సాబ్ చాయ్ పీల్చిన చప్పుడు వినబడింది.

"గది వేరే" అన్నాడు పెద్దనాన్న.

"ఎట్ల వేరే?"

"ఆడోళ్ళకు సమజ్ గాదు."

మౌల్వీ సాబ్ కప్పు కింద పెట్టి, బిస్కెట్ తునక గడ్డంలోంచి దులుపుకుని లేచాడు. పోతూ పోతూ, "సబర్ చెయ్యి బేటీ, ఓపిక పట్టు, అల్లా చూస్తుండు" అన్నాడు. అల్లా చూస్తున్నాడు, నిజమే. ఈయన కూడా చూశాడు కదా, చూసి చాయ్ తాగాడు. నిజం తెలిసి, చెప్పి, ఆ నిజం పక్కన అరగంట కూడా నిలబడలేని మనుషులను చూస్తే నాకు అబద్ధం చెప్పేవాళ్ళ కంటే ఎక్కువ రోత.

అప్పుడు నాకు లెక్క అర్థమైంది. పక్కింటి హిందువుల దగ్గర నుంచి మనం నేర్చుకున్న వాటిలో ఆడదాని మెడకు అందం ఇచ్చేది ఏదో అది మతం కాదు, తీసెయ్యాలి. ఆడదాని చేతులు బోడి చేసేది ఏదో అది ఖాందాన్ ఇజ్జత్, ఉంచుకోవాలి. గడియారం కట్టుకున్నా, గుర్రంబండి వదిలి బస్సు ఎక్కినా ఆ లెక్క మారలేదు.

అయితే గాజులు ఎవరు చేయాలి? అబ్బా లేడు. పెద్దనాన్నకు గల్లా తప్ప ఏదీ రాదు. అందుకని అమ్మ వెనక గదిలో, తలుపు వేసుకుని, కుంపటి ముందు కూర్చోవచ్చునని సెలవిచ్చాడు. చేయి కనబడకపోతే చాలు, పనికి వస్తుంది! పర్దా వెనక చాప మీద పెద్దమ్మను కూర్చోబెట్టాడు, సాయానికి నన్ను పెట్టాడు.

కొన్నాళ్ళకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, చింతపండు టోకున అమ్మే ఒక శెట్టి గారి భార్య కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. పాత గిరాకీ. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గాజు నెట్టింది. పిల్ల కెవ్వుమంది.

"ఏందమ్మా ఇది!" అంది శెట్టమ్మ. "గాజులెక్కిస్తున్నవా, చెరుకు గానుగ తిప్పుతున్నవా? పిల్ల చెయ్యి చూడు ఎట్ల కమిలిందో. ఆమె ఏదీ, మా తీర్గ తెలుగు మాట్లాడే ఆమె?"

"ఆమె మొగడు పోయిండమ్మా" అంది పెద్దమ్మ.

"అయ్యో రామా." శెట్టమ్మ కూతురి చెయ్యి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. "అట్లయితే ఆమెను పిలవకు తల్లీ. శుభమా అని వచ్చినం." తర్వాత గాజులు ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. "ఇవి కూడా ఆమె చేసినవేనా ఏంది?"

పెద్దనాన్న పర్దా అవతల నుంచి నమాజు ముందు గొంతు సవరించుకున్నట్టు సవరించుకుని తెలుగులో అన్నాడు, ఇంట్లో వద్దన్న అదే తెలుగులో. "తౌబా తౌబా! ఇవన్నీ మా ఇంటామె చేసినయి అమ్మా. ముత్తైదువ చెయ్యి."

"అందుకే మస్తుగున్నయి" అంది శెట్టమ్మ. పెళ్ళి జతలు పది రోజుల్లో కావాలని చెప్పి పోయింది.

బయట ఒకరి గ్లాసులో ఒకరు నీళ్ళు తాగని రోజులు. కానీ ఈ ఒక్క విషయంలో మా పెద్దనాన్నకూ శెట్టమ్మకూ ఎంత చక్కటి దోస్తీ కుదిరిందో చూడండి.

వెనక గది రెండు అడుగుల దూరం. అమ్మ అంతా విన్నది. నేను లోపలికి వెళ్ళేసరికి సూది చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది. కాసేపటికి, "నువ్వు దాచిన డబ్బా తే" అంది. నేను దాచిన సంగతి ఆమెకు తెలుసునని నాకు తెలియదు. వంకర తీగలను చెక్క అచ్చు మీద సుత్తితో కొట్టి గుండ్రం చేసింది. కొత్త లక్క పామింది. ఊడిన రాళ్ళు మళ్ళీ పొదిగింది. చివర పచ్చరాయి పెట్టింది. తర్వాత ఆ జతను తీసుకెళ్ళి పెళ్ళి గాజుల మధ్యలో కలిపింది.

నాకు భయం వేసింది. "అమ్మా, గవి నీవి గద!"

"గాజు మీద పేరుంటదా?"

"పెండ్లి పిల్లమ్మా. ఏమన్నా అయితే?"

అమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది. "నా మొగుడు సచ్చిండని దాని మీద రాసుందా? చదివి చెప్పు." తర్వాత నవ్వింది. "నీకు చదువు రాదు గద."

పదో రోజు శెట్టమ్మ కూతురితో వచ్చింది. ఈసారి పెద్దమ్మను పక్కకు జరగమని నేనే కూర్చున్నాను. ఆ పిల్ల చెయ్యి సబ్బు నీళ్ళతో తడిపి, "మీ అత్తగారూరు ఏదమ్మా?" అని అడిగాను. ఆమె చెప్పేలోపు మా అమ్మ గాజులు ఆమె మణికట్టు మీద ఉన్నాయి.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ తర్వాత రెండేళ్ళు ఉస్మాన్‌గంజ్ దిక్కు నుంచి ఎవరు వచ్చినా నా గుండె దడదడలాడేది. ఆ పిల్ల మొగుడికి ఏమైనా అయిందేమోనని. అంటే ఏమిటి? ఆ మురికి నాలో కూడా ఉంది. ఫుప్పు నోట్లో ఉన్నది నా ఎముకల్లో ఉంది. అందరినీ అసహ్యించుకుని నన్ను వదిలేస్తే ఈ రాత అబద్ధం అవుతుంది.

ఏమీ కాలేదు. ఆ అమ్మాయి తన కూతుళ్ళ పెళ్ళి గాజులకు కూడా మా దగ్గరికే వచ్చింది. ఆమె భర్త బయట రిక్షాలో కూర్చుని, ఆలస్యం చేస్తున్నారని తిడుతూ ఉండేవాడు. గట్టి మనిషి.

ఆ పెళ్ళి తర్వాత నాలుగైదేళ్ళకు ఊరు తలకిందులైంది. రాజ్యం మారింది. పెద్దనాన్న షేర్వానీ పెట్టెలో పడింది. పెద్దమ్మ మెడలో నల్లపూసలు మళ్ళీ కనబడ్డాయి, ఎవరూ ఎందుకని అడగలేదు. దుకాణం ముందు నిలబడి, "మనమంతా ఒక్క మట్టి మనుషులమే గద" అని పెద్దనాన్న గిరాకీలతో అనడం నా చెవులతో విన్నాను. పెద్దమ్మకు అప్పటికి చూపు తగ్గింది. నేను పెళ్ళయి పక్క గల్లీకి పోయాను. చాప మీద కూర్చునేవాళ్ళు లేక ఆడ గిరాకీ పక్క దుకాణాలకు పోతోంది.

ఒక పొద్దున నేను పుట్టింటికి వచ్చి ఉండగా పెద్దనాన్న వెనక గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "దుల్హన్, రేపటి సంది ముందు కూసో. ఇప్పుడు గసొంటి పట్టింపులు ఏం లేవు."

అమ్మ తల ఎత్తలేదు. వేడి లక్క మీద రాయి పెట్టి, సూదితో అదిమి, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంది. అప్పుడు అంది.

"నాకున్నయి, భాయ్ సాబ్."

ఆమె మళ్ళీ ఆ చాప మీద కూర్చోలేదు. ఇద్దరు పిల్లలున్న ఒక విధవకు పని నేర్పి ఆ చాప మీదికి పంపించింది. చెయ్యి చూసుకోండి, బోడిదే, ఇష్టమైతే తొడిగించుకోండి అని ఆమె గిరాకీల ముఖం మీదే చెప్పేదట. కొందరు లేచిపోయారు, కొందరు కూర్చున్నారు. అమ్మ మాత్రం పోయేదాకా గాజులు చేస్తూనే ఉంది, ఒక్కటి కూడా వేసుకోలేదు. ఆమెకు ఆఖరి స్నానం చేయించిన రోజు తీయడానికి చేతులకు ఏమీ లేవు. చింతగింజంత మచ్చ ఉంది, అంతే.

ఆ శుక్రవారం, పదకొండుంబావుకు, అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. పేర్లు రాయను, వాళ్ళ మనుమలు, మునిమనుమలు ఇంకా ఈ బజార్‌లోనే తిరుగుతున్నారు. తలుపు అవతల గడియారం చూసుకుంటున్న మా అబ్బా అన్న. తలుపు ఇవతల, మసాలా రాయి తెచ్చిన మా అబ్బా తల్లి. ఆ రాయి ఎత్తిన మా అబ్బా చెల్లెలు. నవ్వు ఆపుకున్న మా పెద్దమ్మ. గోడ వారగా మా అమ్మ. ఆమె చెయ్యి ఒడిలో పెట్టుకుని, పచ్చరాయి కింద అతుకు విప్పిన నేను.